తొట్టిలోని మీనము, రక్షకుని ధర్మము

వైకల్యముతో పుట్టిన ప్రాణిని చూచినపుడు మానవుని మనస్సున రెండు భావములు కలుగును. మొదటిది జాలి, రెండవది ప్రశ్న. జాలి నిజమైనదైనచో చేయి సాచి సాయపడును. ప్రశ్న నిజమైనదైనచో కారణమును వెదకును. కాని పెక్కుమారులు ఈ రెండును "దాని కర్మ" యను ఒక్క మాటతో ముగిసిపోవుచున్నవి. ఆ మాట శాస్త్రసమ్మతమైనదే. దానిని ఎవరు, ఎవరిని గూర్చి, ఏ సమయమున పలుకవలెనను విచారణ మాత్రము అరుదుగా జరుగుచున్నది. చేపపిల్లల విషయమున ఒక ఇంట పుట్టిన సందేహమును ఈ విచారణకు ఆధారముగా గ్రహింపవచ్చును.

ఒక వైష్ణవ గృహస్థుని ఇంట పదమూడేండ్ల మనుమడు గాజుతొట్టిలో చేపలను పెంచుచుండెను. అవి ఆఫ్రికాఖండమునందలి మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్ జాతివి, పసుపుకొమ్మువలె మెరయు చిన్న చేపలు. చైత్రమాసమున ఆడుచేప గ్రుడ్లను నోట ధరించెను. వైశాఖము నాటికి పదునెనిమిది పిల్లలు మిగిలినవి. వానిలో అయిదు వికలాంగములు. రెండింటికి వెన్నెముక మెలిక తిరిగియున్నది. ఒకదానికి ఒక ప్రక్క మొప్పమూత లేక ఎఱ్ఱని మొప్ప బయటికి కనబడుచున్నది. ఒకదాని దవడ మూతపడదు. మఱియొకటి పైకి లేవజాలక తొట్టి అడుగున దొర్లుచు, తోబుట్టువులు విడిచిన నలుసులకై ప్రాకులాడుచున్నది.

బాలుడు "తాతయ్యా! ఇవి పుట్టి నిండా రెండు నెలలైనను కాలేదు. అప్పుడే ఏమి తప్పు చేసినవి?" అని అడిగెను. తాతగారు అలవాటు చొప్పున "పూర్వజన్మ కర్మ నాయనా" అనిరి. బాలుడు కొంతసేపు ఊరకుండి, "అట్లయిన ఇందులో నేను చేసినదేమియు లేదు గదా?" అనెను. ఆ రెండవ ప్రశ్న తాతగారి నోటిని కట్టివేసెను. మొదటి ప్రశ్నలో జాలి యున్నది. రెండవదానిలో తప్పించుకొను దారి యున్నది. ఆ దారిని చూపినది తన సమాధానమేయని ఆయనకు తోచెను.

ముందుగా ఈ చేపల స్వభావమును తెలిసికొనవలెను. సిక్లిడ్ కుటుంబము మిక్కిలి పెద్దది. ఆఫ్రికాలోని విక్టోరియా, టాంగన్యీకా, మలావీ సరస్సులలో వందలాది జాతులు కలవు. మధ్య, దక్షిణ అమెరికా ఖండములలో మఱికొన్ని కలవు. మన దేశమున సహజముగా నున్నవి మూడు జాతులు మాత్రమే. వానిలో ముత్యపు చుక్కల వంటి మచ్చలు గల కరిమీనును కేరళ ప్రభుత్వము 2010లో తమ రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. తెలుగువారి చెరువులలో అందరెఱిగిన తిలాపియా కూడ ఈ కుటుంబమునకు చెందినదే. అది 1952లో ఆఫ్రికా జాతిగా మన దేశమునకు తేబడినది.

ఈ కుటుంబమునకు గల విశేషము సంతానరక్షణము. సాధారణముగ చేపలు గ్రుడ్లను విడిచి తమ దారిని తాము పోవును. సిక్లిడ్ చేపలు అట్లు పోవు. కొన్ని జాతులలో తల్లిదండ్రులు రాతిపై పెట్టిన గ్రుడ్లను రెక్కలతో విసరుచు, పిల్లలు ఈదుట నేర్చిన పిమ్మట వెంటనుండి కాచుచుండును. డిస్కస్ అను జాతి తన చర్మముపై స్రవించు జిగురునే పిల్లలకు ఆహారముగ నొసగును. మలావీ సరస్సునందలి అనేక జాతులలో తల్లి గ్రుడ్లను నోట ధరించి, సుమారు మూడువారములు ఆహారము దాదాపుగా మాని పిల్లలను సాకును. పక్షి స్పర్శచేతను, తాబేలు తలంపుచేతను, మత్స్యము చూపుచేతను పిల్లలను పోషించుననియు, భగవంతుని కటాక్షము ఆ మత్స్యపు చూపు వంటిదనియు పెద్దలు ఉపమానము చెప్పుదురు. పిల్లలమీదనుండి చూపు మరల్చని ఈ చేపను చూచినవారికి ఆ ఉపమానము ఎంత దగ్గరగా నున్నదో తెలియగలదు.

ఇట్టి తల్లికి వికలాంగసంతానమేల కలిగినది? చేపలను పరిశోధించినవారు చెప్పు కారణములను బీజము, అండము, ఆహారము, జలము అని నాలుగు విధములుగ విభజింపవచ్చును.

మొదటిది బీజదోషము. దుకాణమునందు ఒక్క తొట్టినుండి తెచ్చిన ఆరు చేపలు తరచుగా ఒక్క కాన్పులోని తోబుట్టువులే యగును. వానిలో వానికి సంతానము కలుగును. ఆ సంతానమునకు మరల తమలో తామే సంతానము కలుగును. ఒక్కొక్క వంశమున కొన్ని దోషములు బయటపడక దాగియుండును. ఒకే దోషమును మోయు రెండు ప్రాణులు జత కూడినపుడు అది సంతానమున వెలువడును. సగోత్రులకు, సపిండులకు వివాహమును నిషేధించిన ధర్మశాస్త్రమును చదివిన ఇంటిలో, గాజుతొట్టియందు అన్నాచెల్లెండ్రను తరతరములుగ జతపరచుట ఎవరి దృష్టికిని రాలేదు. విశాలమైన సరస్సున చేప తన జతను తానే వెదకికొనును. తొట్టిలో జతను నిర్ణయించునది పెంచువాడే.

రెండవది అండదశయందలి దోషము. నీటి వేడి తగినదానికంటె హెచ్చినచో గ్రుడ్డులోని పిండము వడివడిగా పెరుగును, వెన్నుపూసలు సరిగా కూడవు. మలావీ చేపలకు సుమారు 24 మొదలు 28 డిగ్రీల వేడి తగినది. చైత్రమాసపు ఎండలో మేడమీది గదియందలి తొట్టి అంతకు ఎంతో మించి కాగినది. అదియుగాక ఆ బాలుడు ఎవరో చెప్పగా విని పదియవనాడే తల్లి నోరు తెఱచి, పచ్చసొన సంచులతో నున్న శిశువులను గిన్నెలోనికి దులిపినాడు. తల్లి వానిని నోట మెల్లగా కదలించుచు స్వచ్ఛమైన నీటిని నిరంతరము త్రిప్పుచుండును. ఆ పనిని చేతితో చేయబూనినవారు మిక్కిలి మెలకువ కలిగియుండవలెను. కదలిక తక్కువైనచో బూజు పట్టును, ఎక్కువైనచో లేత దేహమునకు దెబ్బ తగులును.

మూడవది ఆహారదోషము. చేపలలో హెచ్చుభాగము విటమిన్ సి అను పోషకమును తమ దేహమున తాము తయారు చేసికొనజాలవు. అది ఆహారమునుండియే లభింపవలెను. అది లేనిచో ఎముకలను, మృదులాస్థిని కూర్చు పదార్థము సరిగా నేర్పడక వెన్ను వంగును, మొప్పమూత కుఱుచయగును. ఆ పోషకము గాలికి, వేడికి, తేమకు త్వరగా నశించును. ఏడాది క్రిందట మూత తీసిన డబ్బాలోని మేత చేప కడుపును నింపినను ఎముకను నిలుపజాలదు.

నాల్గవది జలదోషము. చేప విసర్జించినదియు, తినక విడిచినదియు నీటిలోనే కుళ్ళి అమ్మోనియా యగును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొదటి రెండును లేతమొప్పలకు విషములు. చిన్న తొట్టిలో ఎక్కువ చేపలున్నచో సూక్ష్మజీవులు ఆ భారమును మోయజాలవు. వారమునకొకమారు నాల్గవవంతు నీటినైనను మార్చవలసియుండగా, పరీక్షల కాలమున రెండునెలలు ఆ ఇంట తొట్టిని ముట్టినవారు లేరు. చేప తొట్టికి తగినంతయే పెరుగునని లోకమున ఒక మాట కలదు. నిజమునకు అది తగిన పెరుగుదల కాదు, కుంగుదల.

వీనికి తోడు వ్యాధి యొకటి కలదు. పుట్టునపుడు చక్కగానుండి, పెరిగిన పిమ్మట వెన్ను వంగి చిక్కిపోవు చేపకు క్షయజాతి రోగము సోకియుండవచ్చును. అట్టిదానిని వేఱుగా నుంచవలెను. గాయమున్న చేతిని ఆ నీట పెట్టరాదు, అది మనుష్యుని చర్మమునకును అంటగలదు.

ఇపుడు పూర్వపక్షమును పరిశీలింతము. "ఈ కారణములన్నియు నిమిత్తమాత్రములు. ఆ జీవుని పూర్వకర్మయే అట్టి తొట్టిలో, అట్టి నీటిలో వానిని పుట్టించినది. కర్మఫలమును అనుభవింపక తప్పదు. కావున పెంచువానికి దోషమేమి?" అని యడుగవచ్చును.

ఈ వాదములో సగము సత్యము కలదు గనుకనే ఇది ప్రమాదకరమైనది. బ్రహ్మసూత్రములలో ద్వితీయాధ్యాయము ప్రథమపాదమున, లోకములోని హెచ్చుతగ్గులనుబట్టి ఈశ్వరునకు పక్షపాతమును, నిర్దయను ఆరోపింపరాదనియు, ఆయన జీవుల కర్మను అపేక్షించియే సృష్టించుననియు నిర్ణయింపబడినది. శ్రీభాష్యకారులును దానిని అట్లే వ్యాఖ్యానించిరి. అయితే ఆ అధికరణము ఎవరిని నిందనుండి తప్పించుటకు ప్రవర్తించినది? సర్వేశ్వరుని. పాతమేత వేసిన గృహస్థుని తప్పించుటకు కాదు. జీవునకు కర్తృత్వము కలదనియు, విధినిషేధశాస్త్రము వానినుద్దేశించియే ప్రవర్తించుచున్నదనియు ఆ గ్రంథమే మఱియొకచోట స్థాపించుచున్నది. ఒకని కర్మఫలము మఱియొకని తప్పు ద్వారమున వచ్చినపుడు, మొదటివాని కర్మ రెండవవాని తప్పును కడుగదు. దొంగతనమునకు గురియైనవానికి పూర్వకర్మ యుండవచ్చును. అందువలన దొంగ నిర్దోషి యగునా?

మహాభారతమున అరణ్యపర్వమునందలి అష్టావక్రుని కథ ఈ విషయమున స్మరింపదగినది. ఆ శిశువు తల్లి గర్భమున నుండియే తండ్రి వేదపఠనమునందలి లోపమును చెప్పెను. తండ్రి కహోడుడు కోపించి, ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించెను. వ్యాసభగవానుడు ఆ వైకల్యమునకు శిశువు పూర్వజన్మను కారణముగ ముందునకు తేలేదు, తండ్రి యసహనమునే చూపినాడు. తనను కాపాడవలసినవాని నోటినుండియే ఆ బిడ్డకు వంకర సంక్రమించినది. పిమ్మట ఆ బిడ్డయే జనకుని సభలో వందిని జయించి, నీట మునిగిన తండ్రిని విడిపించెను. తుదకు సమంగానదిలో స్నానము చేయగా అతని అవయవములు చక్కబడినవి.

శ్రీకృష్ణుడు మథురాపురవీథిలో మూడు వంకరల కుబ్జను చూచినపుడు "ఏ జన్మమున ఏమి చేసితివి?" అని యడుగలేదు. ఆమె పాదములను తన పాదములతో అదిమి, రెండు వ్రేళ్ళతో గడ్డమునెత్తి నిటారుగ నిలిపెను. సర్వజ్ఞుడైన ఆయనకు ఆమె కర్మ తెలియనిది కాదు. తెలిసియు ఆయన చేసినది చక్కదిద్దుట. ఏమియు తెలియని మానవుడు చేయునది తీర్పు చెప్పుట. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ఓర్చుకొనుటకు పెద్దలొసగిన బలము. పరుల కష్టమును చూచి ఊరకుండుటకు ఒసగిన సెలవు కాదు.

ఇంతవరకు తెలియక జరిగిన దోషములను గూర్చి విచారించినాము. తెలిసి చేయుదోషము వేఱొకటి కలదు. 1980ల దశాబ్దమున తైవానులో రెండు భిన్నజాతుల సిక్లిడ్ చేపలను కలిపి "బ్లడ్ పారట్" అను సంకరజాతిని పుట్టించిరి. దాని వెన్ను కుఱుచగా వంగియుండును. నోరు చిన్న చీలికవలెనుండి పూర్తిగ మూతపడదు. కావున అది ఆహారమును గొంతులోని పండ్లతో నలుపుకొనవలసియుండును. మగవి చాలవఱకు సంతానహీనములు. ఆ ఆకారమే ముద్దుగానున్నదని జనులు కొనుచున్నారు. కొన్నిచోట్ల హృదయాకారము వచ్చుటకై పిల్లనాడే దాని తోకను కోయుదురు, రంగులు ఎక్కింతురు. 1990ల దశాబ్దమున మలేషియాలో వెలసిన "ఫ్లవర్‌హార్న్" అను మఱియొక సంకరజాతిని, తలపై మూపురమెంత పెరిగిన అంత అదృష్టమని నమ్మి ఇండ్లలో నిలుపుచున్నారు. ప్రతిజీవుడును భగవంతునకు శేషభూతుడనియు, చేతనాచేతనములు ఆయన శరీరమనియు విశిష్టాద్వైతము బోధించుచున్నది. పరుని సొత్తును చేతబట్టినవాడు దానిని చెడగొట్టి, ఆ చెడిన రూపమును చూచి వేడుకపడుట ఏ ధర్మము? అన్యజీవుని ఊపిరి బిగియగా వచ్చు అదృష్టమును శ్రీమహాలక్ష్మి అనుగ్రహమని తలచుట ఆమె మాతృత్వమును ఎఱుగకపోవుట.

మఱియొక ఆక్షేపము కలదు. "సరస్సున మాత్రము ఈ చేపలకు సుఖమున్నదా? వికలాంగమైన పిల్లను మఱునాడే పెద్దచేప మ్రింగును. తొట్టిలో కనీసము బ్రతుకుచున్నది గదా?" అని.

దీనికి సమాధానము శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున కలదు. ఆ స్కంధము ఆదిలో మడుగున చిక్కిన గజేంద్రుని కథతో నడచి, మత్స్యావతారకథతో ముగియును. ద్రవిడదేశాధిపతియగు సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా ఆయన దోసిట చిన్నచేప పడెను. రాజు దానిని నీటిలో విడిచెను. అది, తన జాతివారినే మ్రింగు జలచరములకు భయపడుచున్నాననియు, తనను విడువవలదనియు ప్రార్థించెను. అనగా సరస్సున భయమున్నదని ఆ మీనమే పలికినది. రాజు దానిని కలశమునందుంచెను. తెల్లవాఱునప్పటికి కలశము చాలలేదు. పెద్దపాత్రలో నుంచెను, ముహూర్తకాలమున అదియు చాలలేదు. సరోవరమున విడిచెను, అదియు చాలలేదు. ప్రతిసారియు చేప "నాకు ఇది చాలదు" అనెను. ప్రతిసారియు రాజు అంతకంటె విశాలమైన జలమును వెదకెను. "కలశమిచ్చితిని, ఇక నీ కర్మ" అని ఆయన ఒక్కసారియు అనలేదు. తుదకు సముద్రమున విడువబోగా అక్కడి మకరముల భయమును చెప్పి విడువవలదనెను. అపుడు రాజునకు ఎదుటనున్నవాడు శ్రీహరియని తెలిసినది. ఆ సత్యవ్రతుడే వైవస్వతమనువైనాడు.

సరస్సులోని చేపను పెద్దచేప మ్రింగినచో ఎవరును మాట తప్పినవారు కారు, అక్కడ రక్షింతునని మాట యిచ్చినవారు లేరు. తొట్టిలోనికి తెచ్చినవాడు మాట యిచ్చినవాడు. గాజుగోడల నడుమనున్న చేపకు పారిపోవుటకు దారి లేదు, ఆహారమును వెదకికొనుటకు చోటు లేదు, తనవాడని పిలుచుటకు నోరు లేదు. ఆకించన్యము, అనన్యగతిత్వము అని శరణాగతిశాస్త్రము చెప్పు రెండు లక్షణములును దానికి నిండుగ నున్నవి. ప్రపన్నుడు భగవంతునియెదుట నిలుచు స్థితిలో అది మనుష్యునియెదుట నిలిచియున్నది. తాను శ్రీనివాసునివలన కోరునది తన చేతిలోనున్న ప్రాణికి ఒసగజాలనివాడు ఏ ముఖముతో గరుడగంబము దాటి లోనికి నడచును? ఆంధ్రదేశమున నాగలాపురము వేదనారాయణస్వామి ఆలయమున స్వామి మత్స్యావతారమూర్తిగ సేవలందుకొనుచున్నాడు. అక్కడ చేతులు జోడించి వచ్చిన యాత్రికుడు ఇంటికి పోయి మురికితొట్టిని చూచినపుడు కొంత తడబడుట మేలు.

రాజశాసనము కూడ ఈ మాటయే చెప్పుచున్నది. ప్రాణులపై క్రూరత్వనివారణకై 1960లో పార్లమెంటు చేసిన చట్టము, కదలుటకు తగిన చోటు లేని పాత్రమున ప్రాణిని బంధించుట నేరమనినది. మనుష్యుడు గాక తక్కిన ప్రాణులన్నియు దాని రక్షణలోనివే.

ఇక వికలాంగముగ పుట్టిన పిల్లనేమి చేయవలెను? కొందరు పెంపకందార్లు అట్టివానిని ఏరి చంపుదురు. తన అజాగ్రత్తవలన వంకరపోయినదానిని తానే చంపి తొట్టిని అందముగ నుంచుకొనుట న్యాయము కాదు. తినగలిగి, కదలగలిగినదానిని వేఱుతొట్టిలో, లోతు తక్కువ నీటిలోనుంచి, బ్రతికినన్నాళ్ళు మేతను దగ్గరకు చేర్చవలెను. దానినుండి మాత్రము సంతానమును పొందరాదు. అందులకు ఆడుమగలను వేఱుపరచిన చాలును. మఱికొందరు వానిని కోవెల పుష్కరిణిలోనో, ఊరి చెరువులోనో విడిచి పుణ్యమనుకొందురు. వంకరవెన్నుతో అపరిచితజలమున పడిన ప్రాణికి అది విడుదల కాదు, త్యజించుట. పరదేశపు జాతులు మన జలములలో నెలకొన్నచో దేశీయమత్స్యములకును ముప్పు. ఆహారమునకై తేబడిన తిలాపియా చెరువులను, జలాశయములను ఎట్లు ఆక్రమించినదో జాలరులెఱుగుదురు. అన్నిటికంటె ఉత్తమమైనది ముందుచూపు. వేఱువేఱు చోట్లనుండి తెచ్చిన జతలు, నెలల తరబడి నిలువయుంచని మేత, వేడి మీఱని చోటు, వారమువారము మార్చు నీరు, పూర్తిగా పెరిగిన చేపకు తగిన తొట్టి. రెండంగుళముల పిల్లగ కొన్న ఆస్కార్ చేప అడుగు పొడవు పెరుగును. ఇవి ఒసగజాలనివాడు చేపను కొనకుండుటయే దయ.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తొట్టిలోని చేపకు పెంచువాని దోషమునుబట్టి వైకల్యము కలుగునని చెప్పిన మాటను, మనుష్యులలో వైకల్యముతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులకు ఎవరును అన్వయింపరాదు. అక్కడ మానవునికి తెలియని, చేతిలో లేని కారణములు ఎన్నో కలవు. ఆ తల్లియెదుట కర్మయని పలుకుట ఎంత క్రూరమో, నీ తప్పని పలుకుట అంత క్రూరము. వారియెడ ధర్మము ఒక్కటే, కుబ్జయెడ శ్రీకృష్ణుడు చూపినది.

ఆ గృహస్థు నాటి రాత్రి అష్టమస్కంధమును తెఱచి తుదియధ్యాయమును చదివి, మఱునాడు మనుమని ప్రక్కన తొట్టియెదుట కూర్చుండెను. ఇరువురును పాతమేతను పాఱవేసి, నీటిని మార్చి, తొట్టిని క్రింది గదిలోనికి దింపిరి. అయిదింటిలో రెండు ఆ వారముననే చనిపోయినవి. మొప్పమూత లేనిదియు, వెన్ను వంగినవానిలో ఒకటియు, దవడ మూతపడనిదియు వేఱుతొట్టిలో బ్రతికినవి. బాలుడు దవడ మూతపడనిదానికి మేతను వ్రేళ్ళతో నలిపి వేయుట నేర్చెను.

"తాతయ్యా! మొన్న మీరన్నది తప్పా?" అని యొకనాడు అతడడిగెను. "తప్పు కాదు నాయనా, సగము. దాని కర్మ ఎట్టిదో భగవంతుడెఱుగును. మన కర్మ మాత్రము మన యెదుట ఈ తొట్టిలోనే యున్నది" అని తాతగారు బదులు పలికిరి.

దోసిట పడిన మీనము శ్రీహరియని సత్యవ్రతునకు మొదట తెలియదు. తెలియకయే ఆయన దానిని కాపాడెను. తెలిసిన పిమ్మట కాపాడుట ఎవరికైనను సులభము. తెలియనపుడు కాపాడుటయే దయయని ఆ కథ బోధించుచున్నది.